వట్టి చేతుల దాకా

ఎనుమాముల యార్డుల మిర్చి దిగే రోజులు.
కంప్యూటర్ రూము కిటికీకి తడిగుడ్డ కట్టినా
ఘాటు ఆగదు.
కీబోర్డు సందులల్ల ఎర్రటి దుమ్ము.

పదకొండేండ్ల తక్‌పట్టీలు నా ముందట,
నలభై రెండు లక్షల చిల్లర వరుసలు.
వరుసకో రైతు, వరుసకో కాంటా,
దడువాయి రాసిన బరువు,
దాంట్లకెల్లి కోసిన తరుగు.
ఆ తరుగంతా కూడితే ఎంతయితదో
రేపు మీటింగుకు కావాలన్నరు.

అన్నీ తెమ్మన్న. ఒక్క మాటల.
సర్వర్ పాపం కాదనలే,
తెచ్చి తెచ్చి నా మిషన్ నెత్తిన కుమ్మరించింది.
ఎనిమిది జీబీల మెమొరీ,
చాటల పోసుకోవచ్చు గని చాటల లారీ పడతదా?
ఫ్యాను గుర్రుమన్నది, స్క్రీను బిగుసుకపోయింది.
మూడుసార్లు చంపి మూడుసార్లు లేపిన.
మూడోసారి నాకే నవ్వొచ్చింది.

బయటికొస్తే షెడ్డు కింద ఓదెలు.
బస్తాల గుట్ట రేకులను తాకుతున్నది,
ఆయన దాని దిక్కు చూడనే చూడడు.
కొండి గుచ్చుడు, వీపు వంచుడు, తోపుడుబండి మీద ఏసుడు.
ఒక్కటొక్కటి మోస్తే ఏమయితదని అడిగిన.
"నడుసుడే అయితది, మోసుడు కాదు.
బండికి ఆరు. ఏడు పెట్టినవనుకో, చక్రం వంగుతది."
స్తంభం మీద సుద్దముక్కతోని ఒక గీత గీసి పోయిండు.
ఏడిదాక వచ్చిండో ఆ గీతకు ఎరుక.

లోపలికొచ్చి నా కోడు మళ్ల చదివిన.
నేను రాసిందీ కర్సరే,
పేరు లేని కర్సర్.
అడిగిందే తడవు మొత్తం ఇంటికి మోసుకొచ్చి
ఇంట్ల కూసోని ఒక్కొక్కటి అందిస్తది.
మోత మాత్రం నాదే.
పేరు పెడితే అది సర్వర్ కాడనే నిలబడతది,
గీత గీసుకొని,
ఇన్ని ఇయ్యమంటే ఇన్నే ఇస్తది.
కోట్ల నడుమ పేరు టైపు చేసిన: ఓదెలు.

ముందుగాల ఒక్కటొక్కటి.
వైరు మీద పోవుడు, వచ్చుడు, పోవుడు, వచ్చుడు,
ఒంటిగంటకు నలభై వేలు దాటలే.
లక్ష పెడితే మళ్ల గుర్రు.
రెండువేలు పెట్టిన, బండి కదిలింది.
నడుమ ఓసారి నిద్రమత్తుల కమిట్ కొట్టిన,
గీత చెరిగింది,
మళ్ల మొదటికెల్లి.

రెండువేలు. కూడుడు, ఇడిసిపెట్టుడు.
ఇంకో రెండువేలు.
మెమొరీ ముల్లు కదుల్తలేదు.
పన్నెండు లక్షల కాడ ఎందుకో ఆపిన.
నల్లబెల్లి. చపాటా రకం. నాలుగు బస్తాలు.
తరుగు తొమ్మిది కిలోలు.
కారణం గడిల ఒక్కటే మాట: తడి.
తారీఖు మే ఆరు.
వరంగల్ల మే ఆరున తడి!
రోళ్లు పగిలే ఎండల
ఏ వాన తడిపిందో ఆ బస్తాలను.
ఇయ్యాల్టి దాక ఎవ్వలూ అడగలే.
నేను కూడా రెండువేల నడుమ దొరికింది గనుక చూసిన,
గుట్టల కలిస్తే చూసేదాన్నా.

నాలుగున్నరకు మూడువందల పదిహేడే వచ్చినయి.
ఆఖరు ట్రిప్పు.
అయినా ఇంకోసారి అడిగిన.
ఏం తేలే.
తప్పు కాదు, ఎర్రరు కాదు,
వట్టి చేతులు.
కర్సర్ మూసిన, కనెక్షన్ మూసిన.
మూయకుంటే పొద్దందాక
ఆ గీత పట్టుకొని నాకోసం నిలబడే ఉంటది పిచ్చిది.

బయట గుట్ట లేదు.
నేల మీద దాని ఆకారంల ఎర్రటి మరక.
రాజకొమ్ర చీపురుతోని రాలిన గింజలు దగ్గరికి చేస్తున్నది,
తుమ్ముకుంట, తిట్టుకుంట.
కొండిని మొలకు తగిలించి
ఓదెలు తోపుడుబండి మీదనే పండుకున్నడు.

కూడిక కాగితం మడిచి సంచిల పెట్టుకున్న.
అంకె ఇప్పుడే చెప్ప.
మీటింగు పదిగంటలకు.